డీపీఎఫ్‌కి లక్షా నలభై రెండు వేలా? కట్టే ముందు ఒక్క రీడింగ్ చూపించమనండి

బ్రదర్, మీ ప్రశ్న రెండుసార్లు చదివా. కూకట్‌పల్లిలో ఉంటారు, 2021 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, 58 వేల కిలోమీటర్లు తిరిగింది, నెల రోజులుగా మీటర్‌లో పసుపు లైటు వెలుగుతోంది, పోయిన వారం నుంచి బండి 60 దాటి లాగట్లేదు, సర్వీస్ సెంటర్ వాళ్ళు డీపీఎఫ్ (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) పోయింది మొత్తం మార్చాలి అని 1,42,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. మీ నాన్నగారు మారుతి 800ని ఇరవై ఏళ్ళు వీధి చివర మెకానిక్‌తోనే లాక్కొచ్చారు, బిల్లు ఎప్పుడూ మూడు వేలు దాటలేదు, ఇప్పుడు ఇదంతా దోపిడీ కాదా, బండి అమ్మేసి దండం పెట్టేయనా అని అడిగారు.

నాది విజయవాడ ఆటోనగర్. 28 ఏళ్ళ నుంచి ఇదే పని, మొదటి ఐదారేళ్ళు వేరే వాళ్ళ షెడ్డులో పానాలు అందించడం, డీజిల్‌తో సామాను కడగడం, ఆ తర్వాత సొంత షెడ్డు. అమ్మేయాలా వద్దా అన్నది చివర్లో చెప్తా, ముందు ఒక మాట. ఈ రోజుల్లో కారు ఓనర్‌ని ముంచేది పార్టు రేటు కాదు, అవసరం లేని పార్టు మార్చడం. నా దగ్గరికి వేరే చోట నుంచి తిరిగొచ్చే బళ్ళలో ఎక్కువ భాగం ఇదే కథ, మూడు పార్టులు మార్చేసి ఉంటారు, లైటు మాత్రం అలాగే వెలుగుతూ ఉంటుంది.

మీ నాన్నగారి 800 సంగతి చెప్పుకోవాలంటే, నేను పని నేర్చుకుంది ఆ బండి మీదే. బానెట్ ఎత్తితే ఇంజన్ పక్క నుంచి కింద రోడ్డు కనపడేది. మిస్సింగ్ కొడుతోందా, ఒక్కో ప్లగ్గు వైరు పీకి చూడు, ఏది పీకితే ఇంజన్ సౌండ్ మారట్లేదో ఆ సిలిండరే దొంగ. ప్లగ్గు విప్పు, ఎమరీ పేపర్ పెట్టి రుద్దు, కార్బురేటర్ జెట్ విప్పి నోటితో ఊదు, అయిపోయింది, టీ తాగే లోపు పని. చెవి, ముక్కు, చెయ్యి ఈ మూడే స్కానర్లు అప్పుడు. పెట్రోల్ ఎక్కువ పడుతోందా తక్కువ పడుతోందా వాసన బట్టి చెప్పేసేవాడు మా మేస్త్రి, పొగ గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి. ఆ మేస్త్రిని ఇవ్వాళ మీ బండి ముందు నిలబెడితే పాపం ఏం చెయ్యలేడు, అందులో ఆయన తప్పేం లేదు.

ఎందుకు మారింది అంటే కంపెనీ వాళ్ళు మనల్ని ఏడిపించడానికి మాత్రమే కాదు. పొగ రూల్స్ వచ్చాయి, సేఫ్టీ రూల్స్ వచ్చాయి. 2000 ప్రాంతంలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, ఆ పొగ రూల్స్‌లో ఒక మెట్టు బీఎస్4, అది 2010లో హైదరాబాద్ లాంటి పెద్ద సిటీల్లో మొదలై 2017 ఏప్రిల్‌కి దేశమంతా అయింది, బీఎస్5 ఎగ్గొట్టేసి 2020 ఏప్రిల్ 1 నుంచి నేరుగా బీఎస్6లోకి దూకాం. చిన్న డీజిల్ కారుకి కిలోమీటరుకి 250 మిల్లీగ్రాముల దాకా ఉన్న నైట్రోజన్ ఆక్సైడ్ల లిమిట్ 80కి దిగింది, మసి అయితే 25 నుంచి 4.5కి. ఇంజన్‌ని ఎంత బాగా ట్యూన్ చేసినా ఆ నంబర్లు రావు, సైలెన్సర్ దారిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీ పెట్టాల్సిందే. మారుతి వాళ్ళు అప్పుడే డీజిల్ కార్లు ఆపేశారు చూశారా, కారణం అదే, చిన్న కారులో ఆ ఫ్యాక్టరీ ఖర్చు గిట్టదు. 2023 ఏప్రిల్ నుంచి ఇంకో మెట్టు, ల్యాబ్‌లో పాసైతే చాలదు, రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా లెక్క కుదరాలి. ఇటు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్ బ్యాగులు కూడా కంపల్సరీ అయ్యాయి. ఒక్కో రూల్‌కి ఒక్కో కంట్రోలర్ (చిన్న కంప్యూటర్), దానికి నాలుగు సెన్సార్లు, వాటికి వైర్లు, కనెక్టర్లు. మీ బండిలో ఎన్ని కనెక్టర్లు ఉన్నాయో అన్నిచోట్ల తేమ, ఎలుక, వదులు పిన్ను అనే మూడు దెయ్యాలకి చోటుంది.

సరే, డీపీఎఫ్‌కి వద్దాం. అది సైలెన్సర్ లైన్‌లో ఇంజన్‌కి దగ్గరగా ఉండే పింగాణీ తేనెతుట్టె లాంటిది, గదులు ఒకటి ముందు మూసి ఉంటే పక్కది వెనక మూసి ఉంటుంది, కాబట్టి పొగ గోడల్లోంచి దూరి పోవాలి, మసి గోడకి అంటుకుని ఉండిపోతుంది. అలా నిండిపోతే ఎలా, అందుకని ఎప్పటికప్పుడు కాల్చేయాలి, దాన్నే రీజెన్ అంటారు. హైవే మీద నడిస్తే ఆ వేడికి కొంత దానంతట అదే కాలుతుంది. లేకపోతే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, కావాలని లేటుగా కొంచెం డీజిల్ ఎక్స్‌ట్రా కొట్టి, అక్కడ 600 డిగ్రీల దాకా వేడి తెప్పించి కాలుస్తుంది, దానికి ఓ 15, 20 నిమిషాలు బండి ఆగకుండా నడవాలి. మీరు రాశారు కదా, పిల్లల స్కూలు, అక్కణ్ణించి మెట్రో స్టేషన్ పార్కింగ్, మొత్తం నాలుగు కిలోమీటర్లు, సాయంత్రం మళ్ళీ అంతే అని. అంటే రీజెన్ మొదలవ్వగానే మీరు కీ తీసేస్తున్నారు. మళ్ళీ మొదలు, మళ్ళీ ఆపడం. కాల్చడానికి కొట్టిన డీజిల్ పూర్తిగా కాలక సిలిండర్ గోడల మీద నుంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. కాబట్టి ఈ బళ్ళలో ఆయిల్ తగ్గడం కాదు, పెరగడం చూడాలి. మా నాన్నకి ఈ మాట చెప్తే నవ్వాడు, ఆయిల్ పెరిగే బండి కూడా ఉందా, ఇంక ఆయిల్ కొనక్కర్లేదుగా అని.

మరి మీ డీపీఎఫ్ నిజంగా నిండిపోయిందా? అయ్యుండొచ్చు. కానీ ఈసీయూకి ఆ సంగతి ఎలా తెలుస్తుందో చూడండి. ఫిల్టర్ లోపలికి అది కళ్ళు పెట్టి చూడదు. ఫిల్టర్‌కి ముందో గొట్టం, వెనకో గొట్టం, రెండూ పోయి ఒక చిన్న సెన్సార్‌కి తగులుతాయి, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. ముందు ఒత్తిడికీ వెనక ఒత్తిడికీ తేడా ఎంత అని ఆ సెన్సార్ చెప్తుంది, తేడా ఎక్కువుంటే లోపల అడ్డం ఉంది అని లెక్క. కథంతా ఆ సెన్సార్ నిజం చెప్తోందా లేదా అన్న దాని మీదే ఆధారపడింది.

పోయిన ఏడాది వానాకాలం అయ్యాక గుడివాడ నుంచి ఒకాయన ఇలాంటి బండే తీసుకొచ్చాడు, అదే పసుపు లైటు, బండి లాగదు, ఎక్కడో సర్వీస్ సెంటర్‌లో 1,35,000 రాసిచ్చారు. స్కానర్ (బండి కంప్యూటర్‌లో పడ్డ లోపాల కోడ్‌లు చదివే మెషిన్) పెడితే పీ2463 కోడ్, అంటే మసి పేరుకుంది అని. అక్కడితో ఆగిపోతే ఎస్టిమేట్ కరెక్టే. నేనేం చేశానంటే ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా కీ మాత్రం ఆన్ చేసి లైవ్ డేటాలో ఆ ప్రెజర్ తేడా చూశా. ఇంజన్ తిరగట్లేదు, పొగ లేదు, గాలి కదలట్లేదు, అప్పుడు తేడా సున్నా ఉండాలి, పోనీ ఒకటీ అరా. అక్కడ 34 మిల్లీబార్ చూపిస్తోంది! చల్లగా ఉన్న బండి. రెండు గొట్టాలూ సెన్సార్ నుంచి పీకేశా, ఇప్పుడు రెండు మూతులూ గాలికే తెరిచి ఉన్నాయి, అయినా 34. మా కుర్రాడు ఆ ముందు గొట్టం వంచితే రెండు చుక్కలు నల్లటి నీళ్ళు పడ్డాయి నేల మీద. గొట్టం క్లిప్పు ఊడిపోయి మధ్యలో వేలాడుతోంది, ఆ వంపులో నీళ్ళు నిలిచి మెల్లగా సెన్సార్‌ని తినేశాయి. సెన్సార్ 4,600, గొట్టం 380, కొత్త సెన్సార్ పెట్టానని ఈసీయూకి చెప్పి విలువ సెట్ చేసి, స్కానర్‌తో రీజెన్ పెట్టి ముప్పావుగంట ఇంజన్ తిప్పాం, షెడ్డు బయట ఖాళీ సిమెంట్ నేల మీద, కింద ఎండుగడ్డి లేకుండా చూసుకుని. ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ మ్యాక్స్ గీతకి వేలెడు పైన ఉంది, అంతా తీసేసి కొత్తది పోశాం, ఫిల్టర్ మార్చాం. అన్నీ కలిపి 15 వేలు దాటలేదు. ఆయన ఆ 1,35,000 కాగితం నా టేబుల్ మీదే వదిలేసి పోయాడు, ఇంకా ఉంది.

ఇది విని ప్రతీ డీపీఎఫ్ కేసూ 380 రూపాయల గొట్టమే అనుకోకండి. ఇంకో బండి వచ్చింది, ట్రావెల్స్ బండి, రెండు లక్షల ఇరవై వేలు తిరిగింది, ఓనర్ మొదటి నుంచీ చవక ఆయిల్ పోయించాడు. మసి కాలుతుంది గానీ ఆయిల్ లోంచి వచ్చే బూడిద కాలదు, అది అలా పేరుకుంటూనే ఉంటుంది. అందుకే ఈ బళ్ళకి తక్కువ బూడిద వచ్చే ఆయిల్ అని మాన్యువల్‌లో రాస్తారు, డబ్బా మీద సీ2, సీ3 అని ఉంటుంది, మీ మాన్యువల్ ఏది చెప్తే అది. ఆ ట్రావెల్స్ బండి సెన్సార్ నిజమే చెప్తోంది, గొట్టాలు బానే ఉన్నాయి, రీజెన్ పెట్టినా తేడా తగ్గట్లేదు. దానికి విప్పి మెషిన్‌లో కడిగించాల్సి వచ్చింది, అదయ్యాక కూడా ఎన్నాళ్ళు వస్తుందో గ్యారంటీ ఇవ్వలేదు నేను. ఇక ఫిల్టర్ కోసేసి లోపల ఖాళీ చేసి ఈసీయూలో ప్రోగ్రామ్ మార్చేస్తాం అనే వాళ్ళు దొరుకుతారు, మా ఆటోనగర్‌లో కూడా దొరుకుతారు, వెళ్ళకండి. చట్టం ఒప్పుకోదు, అదలా ఉంచినా ఆ ప్రోగ్రామ్ ఎవడు రాశాడో తెలియదు, తర్వాత వేరే ప్రాబ్లం వస్తే నాలాంటోడు స్కానర్‌లో చూసేదంతా అబద్ధమే అవుతుంది.

కోడ్ చూసి పార్టు మార్చడం అనే జబ్బు గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. కోడ్‌లో పార్టు పేరు కనిపిస్తుంది కాబట్టి ఆ పార్టే పోయింది అనుకుంటారు. థర్మామీటర్ 102 చూపించింది, అందులో టైఫాయిడ్ అని రాసి లేదు కదా. ఆక్సిజన్ సెన్సార్ కోడ్ వస్తే సెన్సార్ పోయి ఉండొచ్చు, సైలెన్సర్ ఎక్కడో కారుతూ ఉండొచ్చు, ఇంజెక్టర్ ఎక్కువ కొడుతూ ఉండొచ్చు, వైరు ఎలుక కొరికి ఉండొచ్చు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలది మరీ ఘోరం. సెన్సార్ మార్చడానికి అరగంట, కారణం వెతకడానికి మూడు గంటలు. అరగంట పనికి బిల్లు వేసుకోవచ్చు, వెతికిన మూడు గంటలకి కస్టమర్ డబ్బులివ్వడు, ఏం మార్చావు అని అడుగుతాడు. ఏం మార్చలేదు సార్, ఒక పిన్ను సరిచేశా అంటే మొహం మాడ్చుకుంటాడు. మేం పార్టులు మార్చేవాళ్ళుగా తయారవడంలో కస్టమర్ వాటా కూడా ఉంది, ఏమనుకోకండి.

నేనేమీ తక్కువ తినలేదు. ఐదారేళ్ళ క్రితం ఒక టీచరమ్మ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఐడిలింగ్‌లో వణుకు, అప్పుడప్పుడు స్టీరింగ్ బిగుసుకుపోయి లైటు. థ్రాటిల్ (ఇంజన్‌లోకి గాలిని వదిలే తలుపు) కోడ్ కనపడింది, థ్రాటిల్ బాడీ మార్చేశా, 11 వేలు. రెండో రోజు ఆవిడ మళ్ళీ వచ్చింది, అదే వణుకు. అప్పుడు సిగ్గుపడి మల్టీమీటర్ తీశా. బ్యాటరీ నెగటివ్ మీద ఒక మొన, ఇంజన్ బ్లాక్ మీద ఒక మొన పెట్టి సెల్ఫ్ కొట్టించా, అక్కడ పాయింట్ రెండు, మూడు వోల్టులు మించకూడదు, 1.4 వచ్చింది. బ్యాటరీ ట్రే కింద గేర్ బాక్స్‌కి వెళ్ళే ఎర్త్ వైరు బోల్టు విప్పితే లగ్గు మొత్తం పచ్చటి బూజు. ఎలక్ట్రిక్ స్టీరింగ్ తిప్పేటప్పుడు పదుల ఆంపియర్ల కరెంట్ లాగుతుంది, ఎర్త్ వీకైతే ఒక్కసారిగా అన్ని సెన్సార్లూ పిచ్చి రీడింగులే. గీకి, గ్రీజు పెట్టి, బిగించా. ఆవిడకి 11 వేలు వెనక్కిచ్చి పాత థ్రాటిల్ బాడీ మళ్ళీ బిగించా, కొత్తది షాపువాడు తీసుకోలేదు, ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగిస్తే రిటర్న్ ఉండదు కదా. అది ఇప్పటికీ నా బీరువా మీద ఉంది. ఆ రోజు నుంచి ఏ బండి వచ్చినా ముందు బ్యాటరీ, ఎర్త్, ఆ తర్వాతే స్కానర్.

రేట్లు పెరగడానికి ఇంకో కారణం చైల్డ్ పార్ట్స్, అంటే పెద్ద పార్టు లోపలి చిన్న సామాను, విడిగా దొరక్కపోవడం. సెల్ఫ్ మోటార్‌లో కార్బన్ బ్రష్షులు అరిగితే బ్రష్షులే మార్చేవాళ్ళం, వంద రూపాయల లోపు. చక్రం బేరింగ్ ప్రెస్‌లో కొట్టించి మార్చేవాళ్ళం. ఇప్పుడు హబ్బుతో సహా, అందులో ఏబీఎస్ రింగుతో సహా కొను. హెడ్ లైట్ బల్బు పోతే మూడొందల బల్బు, ఇప్పుడు ఎల్‌ఈడీ అంటే అద్దంతో సహా అతికించేసిన డబ్బా, లోపల ఒక చిన్న బోర్డు పోయినా డబ్బా మొత్తం మార్చాలి, కొన్నిటికి పాతిక వేలు, కొన్నిటికి అరవై దాటుతుంది, పైగా బంపర్ విప్పితేగానీ రాదు. ఈ మధ్య 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పేర్ పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, అదొక ఊరట.

ఇంజెక్టర్ల సంగతి చూడండి. పాత డీజిల్ నాజిల్ 150, 200 బార్‌కి తెరుచుకునేది, పంపు షాపులో మాన్యువల్‌గా టెస్ట్ చేసి షిమ్ము వేసి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్ళే పద్ధతి) 1600 నుంచి 2000 బార్. అంత ఒత్తిడిలో వెంట్రుక కంటే సన్నని దుమ్ము కణం కూడా గీత పెడుతుంది, ఓపెన్ షెడ్డులో ఈగలు, దుమ్ము మధ్య విప్పే వస్తువు కాదది. మార్చాక ఒక్కో ఇంజెక్టర్ మీద ఉండే కోడ్‌ని ఈసీయూలో ఎక్కించాలి, ఎక్కించకపోతే బండి నడుస్తుంది గానీ కటకటమంటుంది, పొగ కొడుతుంది. ఇలాగే ఆటోమేటిక్ గేర్ బాక్స్‌లో క్లచ్ మారిస్తే నేర్పించాలి, కీ పోతే ప్రోగ్రామింగ్, కొన్ని బళ్ళలో బ్యాటరీ మార్చినా చెప్పాలి. పార్టు ఎలక్ట్రానిక్‌గా బండికి పరిచయం చెయ్యకపోతే ఆ పార్టుని బండి తన మనిషిగా ఒప్పుకోదు.

ముందు అద్దం సంగతి మా దగ్గర చాలామందికి తెలియదు. అద్దం లోపల పైన కెమెరా ఉండే కార్లు వస్తున్నాయి కదా, దానంతట అదే బ్రేక్ వేసేవి, లేన్ దాటితే స్టీరింగ్ లాగేవి. రాయి తగిలి అద్దం పగిలితే అద్దం మార్చి పంపేస్తున్నారు కొందరు. ఆ కెమెరాని మళ్ళీ కాలిబ్రేషన్ చెయ్యాలి, చదునైన నేల మీద ఎదురుగా కొలత ప్రకారం బోర్డు పెట్టి, లేదా స్కానర్ తగిలించి గీతలు బాగా ఉన్న రోడ్డు మీద నడిపి. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగిందనుకోండి, యాభై మీటర్ల అవతల దాదాపు ఒక మీటరు తేడా వస్తుంది, పక్క లేన్‌లో పోయే ఆటోని ఎదురుగా ఉందనుకుని బ్రేక్ వేస్తుంది. అద్దం బిల్లులో ఆ లైను ఉందో లేదో చూసుకోండి.

షోరూమ్ వాళ్ళు ఎందుకు వెతకరు, ఎందుకు అసెంబ్లీ మార్చెయ్యమంటారు అని అడుగుతారు. అక్కడ పనిచేసే కుర్రాళ్ళలో మంచి చెయ్యి ఉన్నవాళ్ళున్నారు, నా దగ్గర నేర్చుకుని వెళ్ళిన వాళ్ళే ఇద్దరున్నారు. కానీ ఒక్కో పనికి ఇన్ని గంటలు అని లెక్క, రోజుకి ఇన్ని బళ్ళు బయటికి పోవాలి, సర్వీస్ అడ్వైజర్‌కి నెల టార్గెట్ ఉంటుంది. గొట్టం మార్చి పంపితే పది రోజుల్లో బండి తిరిగొస్తే తిట్లు, మొత్తం మారిస్తే తిరిగి రాదు. వాళ్ళ వైపు నుంచి అది సేఫ్, మీ జేబు నుంచి కాదు అంతే. బయట మాకేమో ఇంకో తలనొప్పి. నా స్కానర్‌కి 1,80,000 పెట్టా, ఏటా అప్‌డేట్‌కి మళ్ళీ డబ్బులు, అయినా కొన్ని కొత్త బళ్ళలో చూడనిస్తుంది గానీ చెయ్యి పెట్టనివ్వదు, కంపెనీ సర్వర్ లాగిన్ ఉంటేనే కోడింగ్. అప్పుడు పని మొత్తం నేను చేసి చివరికి బండిని టోయింగ్‌లో షోరూమ్‌కి పంపించి కోడింగ్ చేయించుకుని రావాలి.

ఇది కొత్త గొడవ కాదు. కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకి కలిపి రెండున్నర వేల కోట్ల పైనే జరిమానా వేసింది, ఒరిజినల్ సామాను, డయాగ్నస్టిక్ టూల్స్ బయట మెకానిక్‌లకి అందకుండా కట్టడి చేస్తున్నారని. బయట రిపేర్ చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అని గుడ్డిగా పెట్టకూడదని కూడా అందులో చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకి వెళ్ళాయి, కేసులు నడిచాయి, ఇక్కడ షెడ్డులో మాకు ఒరిగింది తక్కువ. 2022 డిసెంబర్‌లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ (రిపేర్ సమాచారం ఒకచోట పెట్టే వెబ్‌సైట్) పెట్టింది, నాలుగు రంగాల్లో ఆటోమొబైల్ ఒకటి. ఉపయోగమే గానీ నాకు కావలసింది మాన్యువల్ పీడీఎఫ్ కాదు, సర్వర్ లాగిన్.

ఇన్సూరెన్స్ గురించి రెండు ముక్కలు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లు, ఎయిర్ బ్యాగుల మీద సగం కోస్తారు, అద్దానికి మాత్రం కోత లేదు. ఇప్పటి బండి ముందు సగమంతా ప్లాస్టిక్కే కాబట్టి ఐదేళ్ళ లోపు బండికి ఆ కోత లేకుండా చేసే జీరో డెప్ తీసుకోకపోవడం తెలివితక్కువ. రెండోది ఇంజన్ ప్రొటెక్ట్, నీళ్ళు చేరి ఇంజన్ పాడైతే పనికొచ్చే అదనపు కవర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు మా ఆటోనగర్‌కి వరసపెట్టి బళ్ళు వచ్చాయి, సీట్ల మీద దాకా బురద. నీళ్ళు తగ్గాక ఒకసారి స్టార్ట్ అవుతుందేమో చూద్దాం అని సెల్ఫ్ కొట్టిన వాళ్ళ బళ్ళు వేరు, ముట్టుకోకుండా బ్యాటరీ పీకేసి టోయింగ్‌లో పంపిన వాళ్ళ బళ్ళు వేరు. నీళ్ళు నొక్కితే నలగవు కదా, సిలిండర్‌లో ఉన్న నీటి మీదికి పిస్టన్ వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజన్ గోవిందా, ఆ రాడ్డు చూడగానే సర్వేయర్‌కి కూడా అర్థమైపోతుంది స్టార్ట్ చేశారని. పాత 800 అయితే అదే వరదలో మునిగినా ఆరబెట్టి, ఆయిల్ మార్చి, డిస్ట్రిబ్యూటర్ తుడిచి నడిపేవాళ్ళం. ఇప్పుడు సీటు కింద, కార్పెట్ కింద కంట్రోలర్లు, వైరింగ్ కిట్టు మొత్తం నీళ్ళు తాగుతుంది, ఆర్నెల్ల తర్వాత ఒక్కో పిన్నూ తుప్పు పట్టి ఒక్కో జబ్బు బయటపెడుతుంది.

వైరింగ్ అంటే గుర్తొచ్చింది, సీట్ కవర్ షాపులో ఆండ్రాయిడ్ సెట్టు, ఎక్స్‌ట్రా లైట్లు పెట్టించుకుని వైర్లు కోయించారా మీరు? బండిలో కంట్రోలర్లన్నీ రెండు మెలేసిన వైర్ల మీద మాట్లాడుకుంటాయి, ఆ రెంటి మధ్య మీటర్ పెడితే 60 ఓమ్స్ రావాలి. కరెంటు కోసం చేతికందిన వైరు కోసి టేపు చుట్టేసే కుర్రాడికి అది తెలియదు. ఒక బండికి ఏబీఎస్ లైటు, ఎయిర్ బ్యాగ్ లైటు, స్టీరింగ్ లైటు అన్నీ దీపావళిలా వెలుగుతున్నాయి, రెండు రోజులు వెతికితే డాష్ బోర్డ్ వెనక ఒక ఇన్సులేషన్ టేపు ముద్ద.

ఇక మీ సంగతి. ఎస్టిమేట్‌కి సరే అనకండి, గొడవ కూడా పెట్టుకోకండి. ముందు వారంటీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ కాగితాలు చూడండి, మీది 2021 కాబట్టి కొనేటప్పుడు పొడిగించి ఉంటే ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అది ఉంటే బయట ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి, నాతో సహా. లేకపోతే డయాగ్నోసిస్‌కి వేరే డబ్బులిస్తాను, పార్టు మార్చక్కర్లేదు, కారణం కాగితం మీద రాసివ్వండి అని అడగండి, వెయ్యి, రెండు వేలు అడిగితే బేరమాడకండి. అలా అడిగితే మొహం వెలిగే మెకానిక్ దొరికితే వదలకండి, వాడు మీకు పదేళ్ళు పనికొస్తాడు. ఏ పార్టు మార్చినా పాతది వెనక్కి అడిగి తీసుకోండి.

అమ్మడం అంటారా, లైటు వెలుగుతున్న బండికి ఇవ్వాళ ఎవడూ రేటు ఇవ్వడు, ముందు బాగుచేయించుకోండి. ఆ తర్వాత కూడా పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు కిలోమీటర్ల జీవితమే అయితే డీజిల్ మీకు పనికిరాదు, చిన్న పెట్రోల్ బండి చూసుకోండి. లేదు ఊరికి వెళ్తూ ఉంటాను, ఉంచుకుంటాను అంటే రెండు వారాలకోసారి అవుటర్ ఎక్కి, ఇంజన్ వేడెక్కాక 2000 పైన ఆర్‌పీఎం ఉండేలా ఒక గేరు తగ్గించి అరగంట నడపండి, మధ్యలో ఆపకండి. ఐడిలింగ్ పెరిగి, ఫ్యాను గట్టిగా తిరుగుతూ, కాలిన వాసన వస్తోందంటే రీజెన్ నడుస్తోందని, ఇంటికి వచ్చేసినా ఇంకో రౌండ్ కొట్టి రండి. ఇప్పుడు మాత్రం లైటు వెలుగుతూ 60 దాటి లాగని బండిని అలా హైవే ఎక్కించకండి, ముందు చెక్ అవ్వాలి.

రేపు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి బండి చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చెయ్యకుండా కీ ఆన్‌లో పెట్టి డీపీఎఫ్ డిఫరెన్షియల్ ప్రెజర్ ఎంతో స్క్రీన్ ఫోటో తీయించుకోండి. తర్వాత ఐడిలింగ్‌లో ఒకటి, 2500 ఆర్‌పీఎంలో ఒకటి, మసి లోడు, బూడిద లోడు కనపడే పేజీ ఒకటి. డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి, మ్యాక్స్ గీత దాటి ఉంటే ఆయిల్ మార్చేదాకా బండి తిప్పకండి. ఆ నాలుగు ఫోటోలూ ఇక్కడ పెట్టండి, రాత్రి షెడ్డు కట్టేశాక చూసి చెప్తా.